ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఒకే పిల్లాడిలో ఉంటే: ఎలా గుర్తుపట్టాలి, ఇంట్లో ఏం చెయ్యాలి

మాది కోనసీమలో కొబ్బరి వ్యాపారం అండి. కొట్లో ఈ రెండూ ఉన్న మా అబ్బాయి చేసే పని ఒకటుంది, అది చెప్తే మిగతాదంతా తేలిగ్గా బుర్రకెక్కుద్ది అని దాంతోనే మొదలుపెడుతున్నా.

వలుపు అయిపోయిన కాయల్ని వాడు గోడ వారన వరసగా పేరుస్తాడు, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా, ప్రతి కాయ పిలకా ఒకే పక్కకి తిరిగి ఉండాలి. ఎవరి కాలైనా తగిలి ఒక కాయ కదిలిందా, ఇక ఏడుపే. అది ఆటిజం, అంటే అన్నీ ఒకేలా ఉండాలనే పట్టుదల, ఎదుటివాళ్ళతో మాట కలపడం కష్టమవడం. కానీ ముప్పయ్యో కాయ దగ్గరికి వచ్చేసరికి బయట ట్రాక్టర్ చప్పుడు వినపడుద్ది, చేతిలో కాయ అక్కడే పడేసి పరుగు. అది ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాసా ఒళ్ళూ అదుపులో ఉండకపోవడం. పది నిమిషాలకి తిరిగొచ్చి వరస సగంలో ఆగిపోయిందని చూసుకుంటాడు, దాన్ని పూర్తి చేసే ఓపిక ఉండదు, అలా సగంలో వదిలేయడానికి మనసు ఒప్పుకోదు, ఆ కాయల మధ్యే కూలబడి అరచేత్తో తల బాదుకుంటాడు. ఒక్క ఆటిజమే ఉంటే వరస పూర్తిచేసి కూర్చునేవాడు, ఒక్క ఏడీహెచ్‌డీయే ఉంటే వరస సంగతే మర్చిపోయేవాడు. రెండూ ఉండటం వల్ల ఈ మూడో బాధ పుట్టింది. దీన్ని రెండు జబ్బుల కూడికలా చూస్తే ఎప్పటికీ అర్థం కాదండి, ఒకే బండికి రెండు ఎడ్లు కట్టి చెరో పక్కకి లాగుతున్నట్టు చూడాలి. మీరు ఇంట్లో ఏ పద్ధతి పెట్టినా రెండు ఎడ్లకీ సరిపడుద్దా లేదా అని చూసుకోవాలి. మేము దాదాపు రెండున్నరేళ్ళు ఒక ఎద్దునే చూసి రెండోదాన్ని వదిలేశాం.

మావాడికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. ఐదేళ్ళప్పుడు ఏడీహెచ్‌డీ అన్నారు, ఏడున్నరకి గానీ ఆటిజం కూడా ఉందని తేలలేదు. మధ్యలో ఒక డాక్టర్ గారి దగ్గర నేనే అడిగా, ఆటిజం ఏమైనా ఉందేమో చూడండి సార్ అని. "చక్కగా మాట్లాడుతున్నాడు కదండీ, ఆటిజం ఏంటి" అన్నారు. మాట్లాడటం అంటే ఏంటంటే అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్ళే ఆర్టీసీ బస్సు ఎక్కడెక్కడ ఆగుద్దో వరసగా చెప్పడం, ఎదుటి మనిషి వింటున్నాడా లేదా అన్నది వాడికి పట్టదు. మాటలు రావడం వేరు, ఎదుటివాళ్ళతో మాట కలపడం వేరు, ఇది మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, మాటలు బాగా వచ్చిన పిల్లల్లో కూడా ఆటిజం ఉంటుంది.

ఆ డాక్టర్ గారిని తప్పుపట్టి కూడా లాభం లేదు. మానసిక సమస్యల్ని ఎలా గుర్తించాలో డాక్టర్లు చాలామంది చూసుకునే అమెరికా వాళ్ళ మాన్యువల్ డీఎస్ఎం అని ఒకటుంది, అందులో 2013 దాకా రూలే అలా ఉండేది, ఆటిజం ఉన్న పిల్లాడికి ఏడీహెచ్‌డీ డయాగ్నసిస్ ఇవ్వకూడదు అని. 2013లో డీఎస్ఎం-5 వచ్చాక గానీ రెండూ కలిపి రాయొచ్చు అనలేదు. ఆటిజం గురించి లియో కానర్ అనే డాక్టర్ మొదటి పేపర్ రాసింది 1943లో, అంటే డెబ్భై ఏళ్ళు పట్టిందన్నమాట. అంతకుముందు చదువుకున్నవాళ్ళకి ఏదో ఒకటే అన్న అలవాటు ఇంకా పోలేదు. స్టడీని బట్టి లెక్కలు మారతాయి గానీ ఆటిజం ఉన్న పిల్లల్లో పావు వంతు నుంచి సగం పైదాకా ఏడీహెచ్‌డీ కూడా కనపడుతుందని చెప్తారు, ఇదేమీ అరుదైన సంగతి కాదు. రెండూ చాలావరకు పుట్టుకతో, వంశంలో వచ్చేవే, రెండిటికీ కొన్ని జన్యువులు కూడా ఉమ్మడిగా ఉంటాయి. తల్లి సరిగ్గా పెంచలేదనో, గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందనో మా ఆవిడని అన్నవాళ్ళున్నారు, ఆ మాటల్లో ఆవగింజంత నిజం లేదు.

ఇంకో సంగతి, ఏడీహెచ్‌డీ గోల చేస్తుంది కాబట్టి అందరికీ ముందు అదే కనపడుద్ది. ఆటిజం దాని వెనకాల దాక్కుంటుంది. అమెరికాలో 2015లో వచ్చిన ఒక స్టడీలో, ముందు ఏడీహెచ్‌డీ అని పేరు పడిన పిల్లలకి ఆటిజం సంగతి సగటున మూడేళ్ళు లేటుగా తేలిందని చూపించారు. ఆడపిల్లల్లో అయితే ఇంకా లేటు, ఎందుకంటే వాళ్ళు పక్క పిల్లల్ని చూసి అచ్చం అలాగే చేసి దాచేస్తారు, స్కూల్లో బుద్ధిమంతురాలు, ఇంటికొచ్చాక తలుపేసుకుని ఏడుపు.

ఒకేలా కనపడే పనుల వెనక ఏముందో చూడటం

బయటికి కనపడే పని ఒకటే అయినా కారణం వేరే ఉంటుంది, మనం పట్టుకోవాల్సింది ఆ కారణాన్ని. పేరు పెట్టి పిలిస్తే పలకడు అనుకోండి. ఏడీహెచ్‌డీ పిల్లాడి ధ్యాస ఇంకెక్కడో ఉంటుంది, భుజం తడితే ఉలిక్కిపడి "ఆ, ఏంటి" అంటాడు. ఆటిజం ఉన్న పిల్లాడికి వినపడుద్ది, కానీ ఆ పిలుపుకి తిరిగి చూడాలి అన్నది వాడికి దానంతటది తట్టదు. (వీటన్నిటికన్నా ముందు చెవుల టెస్ట్, బెరా అంటారు, అది చేయించండి. వినికిడి లోపాన్ని ఆటిజం అనుకుని ఏడాది తిరిగినవాళ్ళు నాకు తెలుసు.)

క్లాసులో కూర్చోడు. ఒంట్లో మోటారు ఆగక కూర్చోడా, లేకపోతే నెత్తిమీద ఫ్యాన్ కిర్రుమంటుంటే తట్టుకోలేక కూర్చోడా? ఫ్యాన్ ఆపిన రోజు, లేదా వేరే గదిలో ఎలా ఉంటాడో చూస్తే తెలిసిపోద్ది. మావాడికి రెండూ ఉన్నాయి, ఫ్యాన్ ఆపితే సగం తగ్గింది, సగం అలాగే ఉంది.

ఆటల్లో గొడవ. ఏడీహెచ్‌డీ పిల్లాడికి రూల్ తెలుసు, కానీ తన వంతు వచ్చేదాకా ఆగలేడు, తర్వాత నొచ్చుకుంటాడు. ఆటిజం ఉన్నవాడికి పిల్లల మధ్య చెప్పకుండా నడిచే రూళ్ళు అసలు కనపడవు. రెండూ ఉన్నవాడు ఏం చేస్తాడంటే పిలవకుండా ఆట మధ్యలోకి దూరిపోతాడు, దూరాక నా రూల్ ప్రకారమే ఆడాలంటాడు, వాళ్ళు తోసేస్తే ఎందుకు తోశారో వాడికి తెలీదు. గోళీలాటలో ఇలా జరిగి సాయంత్రం అరుగు మీద కూర్చుని "నాన్నా, నేను కూడా ఆడదామనే కదా వెళ్ళాను" అన్నాడు ఒకరోజు. ఆ మాట విన్నాక నేను వాణ్ణి అల్లరోడు అనడం మానేశా.

"బస్సుల పుస్తకం పట్టుకుంటే రెండు గంటలు కదలడండి, మరి ఏడీహెచ్‌డీ ఎలా అవుద్ది" అని మా బావగారు అడిగారు, చాలామందికి ఉండే అనుమానమే. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస లేకపోవడం కాదండి, ధ్యాసని కావాల్సిన చోట పెట్టి, అక్కర్లేనప్పుడు తీసే పట్టు లేకపోవడం. ఇష్టమైనదాంట్లో దిగితే పైకి రాలేరు. దానికి ఆటిజం ఇష్టం కూడా తోడైతే అన్నం కూడా గుర్తురాదు.

ఇవన్నీ మీ బుర్రలో పెట్టుకుంటే డాక్టర్ దగ్గర గుర్తురావు. ఒక నోట్‌బుక్ తీసుకుని రెండు వారాలు రాయండి, ఏం జరిగింది, దానికి ముందు ఏం జరిగింది, ఎక్కడ, ఆ తర్వాత మీరేం చేశారు, అంతే. ఫోన్‌లో నిమిషం నిమిషం వీడియోలు తీయండి, గోల చేసినవే కాదు మామూలుగా ఆడుకునేవి కూడా. స్కూల్ టీచర్ గారి చేత నాలుగు ముక్కలు రాయించుకోండి, ఎందుకంటే ఏడీహెచ్‌డీ అని చెప్పాలంటే ఇంట్లో ఒక్కచోటే కనపడితే సరిపోదు, కనీసం రెండు చోట్ల, ఆరు నెలలు పైగా, పన్నెండేళ్ళ లోపే మొదలై ఉండాలి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ (పిల్లల ఎదుగుదల చూసే డాక్టర్), పిల్లల సైకియాట్రిస్ట్, క్లినికల్ సైకాలజిస్ట్, వీళ్ళల్లో ఎవరైనా చూడాలి. పది నిమిషాల్లో పిల్లాణ్ణి చూసి ఉందన్నా లేదన్నా ఒప్పుకోకండి. ప్రైవేటుకి వెళ్ళే స్తోమత లేనివాళ్ళు ముందు మీ ఊరి ఆశా కార్యకర్తనో ఏఎన్ఎం గారినో అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని చూసి, అవసరమైతే పిల్లల లోపాల్ని తొందరగా పట్టుకోవడానికి జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీ అనే సెంటర్‌కి పంపుతారు, ఖర్చుండదు. పెద్ద అసెస్‌మెంట్ కావాలంటే సికింద్రాబాద్ బోయినపల్లిలో నీపిడ్ ఉంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1984 నుంచి ఉంది.

మన దేశంలో ఆటిజం కొలవడానికి ఇసా అని ఒక స్కేల్ వాడతారు, అది నీపిడ్ వాళ్ళు తయారు చేసిందే. నలభై ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు, మొత్తం 70 లోపు ఉంటే ఆటిజం లేదు, 70 నుంచి 106 మైల్డ్, 107 నుంచి 153 మోడరేట్, ఆ పైన సివియర్. గమనించాల్సింది ఏంటంటే ఇందులో ఏడీహెచ్‌డీ తేలదు, దానికి వేరే ప్రశ్నల పట్టీలు ఉంటాయి, తల్లిదండ్రులూ టీచరూ ఇద్దరూ నింపాలి. కాబట్టి వచ్చేముందు నోరు తెరిచి అడగండి, "రెండిటికీ చూశారా అండి, రెండోది లేదని ఎలా తేల్చారు" అని. ఒకసారి కాదన్నాక మళ్ళీ అడిగితే ఏమనుకుంటారో అని మేము చాన్నాళ్ళు మొహమాటపడ్డాం, మీరు పడకండి. నిద్ర, ఫిట్స్, కళ్ళు, రక్తంలో ఐరన్, ఇవి కూడా చూడమనండి, నిద్ర సరిగ్గా లేని పిల్లాడు మర్నాడు ఏడీహెచ్‌డీ ఉన్నట్టే ఉంటాడు.

ఇంట్లో

ఆటిజం రోజూ ఒకేలా ఉండమంటుంది. ఏడీహెచ్‌డీ రోజూ కొత్తది కావాలంటుంది. ఒక్క ఆటిజం పుస్తకం చదివి గంటగంటకీ టైంటేబుల్ వేసి గోడకి అంటిస్తే మూడో రోజుకి మావాడు దాన్ని చూడటమే మానేశాడు, పోనీ వదిలేద్దాం అని వదిలేస్తే సాయంత్రానికి ఇల్లు పీకి పందిరేశాడు. చివరికి మాకు పనిచేసింది ఏంటంటే, అరిటాకు ఎప్పుడూ అదే, వడ్డించేది మారుద్ది. లేవడం, మొహం, టిఫిను, స్కూలు, ఉయ్యాల, హోంవర్కు, స్నానం, పడక, ఈ ఎనిమిదికీ ఫొటోలు తీసి వరసగా పెట్టాం, వరస మాత్రం చచ్చినా మారదు. కానీ లోపల వాడికి ఎంచుకునే వీలుంది, టిఫిను ఇడ్లీయా మినపరొట్టా, హోంవర్కు అరుగు మీదా బస్తా మీదా. రెండే, మూడు ఇస్తే తేల్చుకోలేక ఏడుస్తాడు.

కొబ్బరికాయల వరస సంగతికి కూడా ఇదే దారి దొరికింది. ఇరవై కాయలు లెక్కపెట్టి ఒక గంపలో ఇస్తాం, గోడ మీద సుద్దతో గీత గీశాం, గీత దగ్గర వరస ఆఖరు. ఇరవై అంటే వాడి ధ్యాస నిలబడే లోపే అయిపోద్ది, గీత దగ్గర ఆగితే పూర్తయింది అన్న తృప్తి ఉంటుంది. మధ్యలో లేచిపోతే ఫోన్‌లో ఫొటో తీసి చూపిస్తా, "ఇదిగో ఇక్కడ ఆపావు, మళ్ళీ ఇక్కణ్ణుంచే" అని. తల బాదుకోవడం వెంటనే పోలేదు గానీ ఇప్పుడు వారానికి ఒకసారి కూడా లేదు.

మార్పు ఉంటే ముందే చెప్పండి అంటారు, నిజమే, కానీ ఎంత ముందు అన్నది ఎవరూ చెప్పరు. పెళ్ళికి వెళ్తున్నాం అని వారం ముందు చెప్తే ఆ వారమంతా రోజుకి వంద సార్లు ఎప్పుడెప్పుడు అని అడిగి నిద్రపోడు, అప్పటికప్పుడు చెప్తే మెల్ట్‌డౌన్, అంటే తట్టుకోలేక ఒళ్ళు తెలీకుండా ఏడ్చి అరవడం. ముందురోజు సాయంత్రం ఒకసారి, పొద్దున్న లేవగానే ఒకసారి, వరసలో ఆ పెళ్ళి కార్డు పెట్టి చూపించడం, ఇది మావాడికి సరిపోయింది, మీవాడికి రెండు రోజులు కావచ్చు, చూసుకోండి.

పని చెప్పేటప్పుడు ఒక్కటే చెప్పాలి. "లోపలికెళ్ళి చొక్కా మార్చుకుని పుస్తకాలు తీసుకుని రా" అంటే చొక్కా విప్పి అక్కడే నిలబడతాడు. మెచ్చుకోవడం కూడా వెంటనే, ఆదివారం కొనిపెడతా అంటే ఆదివారం అన్నది వాడికి అమెరికా అంత దూరం. ఒంటికి పని కావాలి, హోంవర్కుకి ముందు పది కాయలున్న గంప ఆ గది నుంచి ఈ గదికి రెండు సార్లు మోయిస్తే గానీ మావాడు నిమ్మళంగా కూర్చోడు, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) మేడం గారే చెప్పారు బరువు పని వల్ల ఒళ్ళు కుదురుకుంటుందని. ఇంట్లో ఉయ్యాల బల్ల ఉంటే తీసెయ్యకండి, దాన్ని మించిన థెరపీ సామాను లేదు.

మెల్ట్‌డౌన్ వచ్చినప్పుడు మాట్లాడకండి. మారాం అయితే మీరు చూస్తున్నారా లేదా అని ఓరకంట చూస్తాడు, మెల్ట్‌డౌన్‌లో వాడికి మీరు కనపడరు. లైటు ఆపి, చుట్టూ ఉన్న చుట్టాల్ని పంపేసి, తలకి దెబ్బ తగలకుండా చూసుకుని పక్కన కూర్చోవడమే. బెత్తం తీస్తే ఇంకో అరగంట పెరుగుద్ది, నేను చేసిన తప్పే ఇది, చెప్పడానికి కూడా బాధగా ఉంది.

కాలవలు, చెరువులు: దీన్ని మాత్రం దాటవేయకండి

మనది నీళ్ళ మధ్య బతికే ప్రాంతం. ఇంటెనక బోదె, ఎదర కాలవ, పక్కన రొయ్యల చెరువు. ఆటిజం ఉన్న పిల్లలు చెప్పకుండా ఇంట్లోంచి వెళ్ళిపోవడం చాలా ఎక్కువ, వాళ్ళల్లో చాలామందికి నీళ్ళంటే ప్రాణం, ఇలా తప్పిపోయిన పిల్లల ప్రాణాలు ఎక్కువగా పోయేది నీళ్ళలోనే. దానికి ఏడీహెచ్‌డీ తోడైతే ఆలోచించేలోపే కాళ్ళు కదిలిపోతాయి.

మావాడికి ఆరేళ్ళప్పుడు, ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు వాళ్ళ తాతయ్యతో కలిసి రోజూ సాయంత్రం ఎండిన కాలవలోంచి అడ్డంగా నడిచి అవతల అరటితోటలోకి వెళ్ళేవాడు. నెలన్నర రోజులు అదే దారి, అదే టైము. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలారు. మనకి కాలవ నిండింది అని తెలుసు, వాడికి మాత్రం అది దారి. ఆ సాయంత్రం తాతయ్య నిద్రలో ఉన్నారు, వాడు ఒక్కడే బయల్దేరాడు. దింపు కూలీ ఒకాయన చెట్టు మీద నుంచి చూసి "ఏవండోయ్, బాబు కాలవలో దిగుతున్నాడండోయ్" అని అరిచాడు. నేను వెళ్ళేసరికి మోకాళ్ళ దాకా దిగి ఉన్నాడు, భయం లేదు, నీళ్ళు ఎందుకొచ్చాయి అన్నట్టు చూస్తున్నాడు. ఆ చెట్టు మీద ఆ టైముకి ఆయన లేకపోతే అన్నది నేను ఇప్పటికీ తలుచుకోలేను.

అందుకని ఇవి ఈ వారమే చెయ్యండి. తలుపుకి పిల్లాడి చెయ్యి అందనంత ఎత్తులో గడియ, తలుపు తీస్తే మోగేలా ఒక గంట, మేము గుడి దగ్గర కొన్న చిన్న ఇత్తడి గంటే కట్టాం. కనపడకపోతే ముందు నీళ్ళ దగ్గరికే పరిగెత్తండి, మంచం కిందా బీరువా వెనకా తర్వాత వెతకొచ్చు. ఈ మాట ఇంట్లో ప్రతి మనిషికీ తెలియాలి. కాలవ గట్టు మీద ఉండే ఇళ్ళవాళ్ళకి, చెరువు కాపలా వాళ్ళకి, బడ్డీ కొట్టాయనకి ఫొటో చూపించి చెప్పండి, వీడు మావాడు, పేరు పిలిస్తే పలకకపోవచ్చు, చెయ్యి పట్టుకుని ఆపి ఫోన్ చెయ్యండి అని. సిగ్గుపడే విషయం కాదు ఇది. చేతికి ఫోన్ నంబరున్న బ్యాండు, లేదా చొక్కా లోపల కుట్టిన గుడ్డముక్క. ఈత నేర్పించండి, కానీ ఈత వచ్చింది కదా అని వదిలెయ్యకండి, బట్టలతో, పారే నీళ్ళలో ఈదడం వేరు. ఇంకొకటి, కాలవ కట్టినప్పుడు, వదిలినప్పుడు పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించండి. మేము ఇప్పుడు ప్రతి జూన్‌లో గట్టు మీద ఎర్ర గుడ్డ కడతాం, ఎర్ర గుడ్డ ఉంటే దారి లేదు. రూల్ అంటే వాడు ప్రాణం పెడతాడు కాబట్టి ఇక్కడ ఆటిజమే మాకు సాయం చేసింది.

మందుల సంగతి

ఆటిజానికి మందు లేదు. ఏడీహెచ్‌డీకి ఉంది. రెండూ ఉన్నప్పుడు ఆ మందు పనిచేస్తుంది గానీ మామూలు ఏడీహెచ్‌డీ పిల్లల్లో పనిచేసినంత కాదు, సైడ్ ఎఫెక్ట్స్ కూడా ఎక్కువ. 2005లో అమెరికాలో ఇలాంటి 72 మంది పిల్లల మీద మిథైల్‌ఫెనిడేట్ అనే మందు చూస్తే సుమారు సగం మందికి (49 శాతం) మేలు కనపడింది, 18 శాతం మంది ఆ మందు పడక ఆపేశారు. ఒక్క ఏడీహెచ్‌డీయే ఉన్న పిల్లల్లో దాదాపు 70 శాతం పైనే మేలు కనపడుద్ది. అందుకే తక్కువ డోసుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు, మావాడి ఆటిజం బయటపడక ముందు మామూలుగా పెంచేస్తే ఆ పది రోజులూ గోళ్ళు రక్తం వచ్చేదాకా కొరుక్కున్నాడు, ఆటిజం సంగతి తెలిశాక అదే మందు సగం డోసుతో బాగానే ఉంది. ఈ మందు పడకపోతే అటోమోక్సిటిన్ లాంటివి ఉన్నాయి, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుద్ది. ఆరేళ్ళలోపు పిల్లలకి ముందు తల్లిదండ్రులకి ట్రైనింగ్, తర్వాతే మందు. మిథైల్‌ఫెనిడేట్ అన్ని మెడికల్ షాపుల్లో ఉండదు, డాక్టర్ చీటీ లేనిదే ఇవ్వరు, కాబట్టి అయిపోకముందే చూసుకోండి.

దీంతో ఆకలి చచ్చిపోద్ది. అసలే మావాడు తినేది నాలుగు రకాలు, పప్పులో పోపు గింజ కనపడితే పళ్ళెం తోసేస్తాడు, పక్కింట్లో ఎండుచేపలు వేయిస్తుంటే వాంతి చేసుకుంటాడు. అందుకని మాత్రకి ముందే పొద్దున్న కడుపునిండా పెట్టేస్తాం, మధ్యాహ్నం ఎంత తింటే అంతే, రాత్రి ఎనిమిదిన్నరకి మళ్ళీ పెరుగన్నం, అరటిపండు. నెలకోసారి బరువు రాసిపెట్టుకోండి, బీపీ, ఎత్తు డాక్టర్ గారు చూస్తారు.

వస కొమ్ము నాకించడం, తాయెత్తు, నాటు మందు పసర్లు, ఇవన్నీ మా మామ్మ చేయించింది, ప్రేమతోనే. నాలుక మీద వస రుద్దితే నష్టం లేదనుకోకండి, పసిపిల్లలకి వాంతులూ ఇతర ఇబ్బందులూ రావచ్చు. స్టెమ్ సెల్ చికిత్స అని లక్షలు అడిగే చోట్లున్నాయి, ఆటిజానికి దాన్ని చికిత్సగా ఒప్పుకోలేదు, పొలం అమ్ముకోకండి. టీకాల వల్ల ఆటిజం వస్తుందని 1998లో రాసిన పేపర్‌ని 2010లో ఆ పత్రికే వెనక్కి తీసుకుంది, చిన్నపిల్ల ఉంటే టీకాలు ఆపకండి.

స్కూలు, తీర్థాలు

స్కూల్లో అడగాల్సినవి పెద్దవేం కావు. కిటికీ పక్కన కాకుండా గోడ వారన, ముందు బెంచీ. చెప్పింది బోర్డు మీద రాయడం. ఇరవై లెక్కలకి బదులు పది, లెక్కల కష్టం మాత్రం అంతే. అరగంటకోసారి లేచి తిరగడానికి ఏదో ఒక పని, సుద్దముక్కలు తెమ్మనడం, హాజరు పుస్తకం ఆఫీసులో ఇచ్చి రమ్మనడం. మేము మొదట చేర్చిన స్కూల్లో ఇవేవీ కుదరవు, మిగతా పిల్లలు చెడిపోతారు అన్నారు, ఏడాది మధ్యలో మార్చాం. ఇప్పుడున్న మండల పరిషత్ స్కూల్లో టీచరమ్మ గారు వాణ్ణి బస్సుల లెక్కలతోనే కూడికలు చేయిస్తున్నారు. ప్రభుత్వ స్కూళ్ళకి సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలు ఉంటాయి, ప్రత్యేక టీచర్లు ఉంటారు, మండలంలో అడగండి.

కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళకుండా మా ఇంట్లో ఎవరూ ఉండరు. మావాడికి వెదుళ్ళతో కట్టి ఊరేగించే ప్రభ మీద రంగు గుడ్డల వరసలు చూడాలని ఉంటుంది, కానీ ఆ మందుగుండూ, డప్పులూ, జనం రాపిడీ తట్టుకోలేడు. రెండేళ్ళు వాణ్ణి మామ్మ దగ్గర వదిలేసి వెళ్ళాం, ఆ రెండేళ్ళూ గేటు పట్టుకుని నిలబడ్డాడట. ఇప్పుడు తీర్థానికి కాదు, ప్రభ కట్టే చోటికి ముందురోజు తీసుకెళ్తాం, వెదుళ్ళు కట్టడం, గుడ్డలు చుట్టడం అంతా దగ్గరగా చూస్తాడు, ఎన్ని వరసలో లెక్కపెడతాడు, చెవులకి హెడ్‌ఫోన్ మెడలో సిద్ధంగా ఉంటుంది, అరగంటకి వెళ్ళిపోదాం నాన్నా అంటే వచ్చేస్తాం.

కాగితాలు

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి, అందులో ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీ లేదు. కాబట్టి రెండూ ఉన్న పిల్లాడికి సర్టిఫికెట్ వచ్చేది ఆటిజం మీదే, ఆ రిపోర్ట్ లేకుండా వదిలేస్తే రేపు పరీక్షల్లో అదనపు టైము దగ్గర్నుంచి అన్నీ పోతాయి. ఆంధ్రాలో అయితే సచివాలయంలో సదరం (దివ్యాంగుల సర్టిఫికెట్ కోసం డాక్టర్లు చూసే క్యాంపు) స్లాట్ బుక్ చేసుకోవాలి, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు వస్తుంది, 40 శాతం ఆ పైన వచ్చి అర్హత ఉంటే పెన్షన్, ఆంధ్రాలో 2024 నుంచి దివ్యాంగుల పెన్షన్ నెలకి 6,000. నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఇన్సూరెన్స్ ఏడాదికి లక్ష దాకా ఉంటుంది, థెరపీ ఖర్చుకి కూడా కొంత వస్తుంది. సదరం క్యాంపు రోజున గంటలు గంటలు వరసలో కూర్చోవాలి, పిల్లాడికి తినేది, హెడ్‌ఫోన్, బస్సుల పుస్తకం లాంటిది ఏదో ఒకటి పట్టుకెళ్ళండి, మా ఆవిడా నేనూ వంతులేసుకుని ఒకరు వరసలో, ఒకరు వాడితో బయట చెట్టు కింద ఉన్నాం. వాడు కొత్తచోట కాసేపు బుద్ధిగా కూర్చుంటే డాక్టర్లు ఏమీ లేదనుకునే ప్రమాదం ఉంది, ఫోన్‌లో వీడియోలు, ఆ రెండు వారాల నోట్‌బుక్, పాత రిపోర్టుల జెరాక్సులు అప్పుడు అక్కరకొస్తాయి, ఒరిజినల్స్ మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి.